పద్నాలుగు నిమిషాల కసువు

“ఏమ్మే, రైల్లో కసువూడ్చేదానికి బెంగుళూరు దాకా పోవాల్నా? మన వాకిట్లో లేదా కసువు?”

ఈ పని దొరికిందని చెప్పినప్పుడు మా జేజి అన్న మాట. ఆలూరులో ఇంటి అరుగు మీద కూర్చుని బుడ్డలు వలుస్తోంది. పొట్టంతా వాకిట్లోనే. నేను పొరక తీసుకుని అది ఊడ్చేసి బస్సెక్కాను.

మా వైపు పనికోసం ఊరు విడవడం వింతేం కాదు. వాన ముఖం చాటేసిన ఏడు మిరప కోతలకు గుంటూరు దిక్కు, కట్టడం పనులకు బెంగుళూరు దిక్కు పోతారు. ‘సుగ్గికి పోయినారు’ అంటారు దాన్ని. చిన్నప్పుడు అమ్మానాయనలతో నేనూ పోయాను. గుంతకల్లు దాకా బస్సు, అక్కణ్ణుంచి జనరల్ పెట్టె. మూటల మధ్య నేల మీదే పడుకునేదాన్ని. రైల్లో సీటు కింద ఏమేం ఉంటాయో నాకు అప్పుడే తెలుసు. బుడ్డల పొట్టు, అరటి తొక్క, బీడీ ముక్క, ఎవరిదో తెగిన చెప్పు. వాటిని ఎవరైనా తీస్తారా, తీస్తే ఎప్పుడు తీస్తారు అని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

ఇప్పుడు తీసేది నేనే. బెంగుళూరులో వందే భారత్ రైళ్లు శుభ్రం చేసే ఒక బ్యాచ్‌కు సూపర్‌వైజర్‌ని. సూపర్‌వైజర్ అంటే మెడలో ఈల, చేతిలో ఫోను అదనం. ఎవరైనా సెలవు పెడితే పొరక మళ్లీ నా చేతిలోకే వస్తుంది.

మాకు ఎక్కువగా వచ్చేది కలబురగి బండి. 2024 మార్చి 12న మొదలైంది. తెల్లవారుజామున కలబురగిలో బయల్దేరి రాయచూరు, మంత్రాలయం రోడ్డు, గుంతకల్లు, అనంతపురం మీదుగా మధ్యాహ్నానికి బైయప్పనహళ్లిలో సర్ ఎం. విశ్వేశ్వరయ్య టెర్మినల్‌కు చేరుతుంది. గంట తిరక్కుండా మళ్లీ వెనక్కి పోవాలి. మంత్రాలయం రోడ్డుకూ గుంతకల్లుకూ నడుమ అది ఆస్పరి, ఆ తర్వాత మా ఆలూరు మండలం మొలగవల్లి దాటి వస్తుంది. అక్కడ ఆగదు. ఆగకపోయినా మా దుమ్ము అద్దాలకు పట్టుకుని వస్తుందని నేను మా బ్యాచ్ పిల్లలతో అంటుంటాను. అనంతపురం దుమ్ము ఎర్రగా ఉంటుంది, తడిబట్ట పెడితే ఊడొస్తుంది. మాది నల్లరేగడి. తడిబట్ట పెట్టామా, కాటుకలా పాకుతుంది. ముందు పొడిబట్టతో దులపాలి. ఈ సంగతి నాకు ఎవరూ నేర్పలేదు, పుట్టిన ఊరు నేర్పింది.

పద్నాలుగు నిమిషాల సంగతి ఎక్కణ్ణుంచి వచ్చిందో చెబుతాను. 2023 అక్టోబరు 1న రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఢిల్లీ కంటోన్మెంట్ స్టేషన్‌లో దీన్ని ప్రారంభించారు. వందే భారత్ గమ్యం చేరాక 14 నిమిషాల్లో బండి మొత్తం శుభ్రమైపోవాలి. మనుషులను పెంచేది లేదు. ముందు చేసి చూసినప్పుడు 28 నిమిషాలు పట్టింది, తర్వాత 18కి దిగింది, చివరికి 14 అని ఖాయం చేశారు. జపాన్‌లో బుల్లెట్ రైలును 7 నిమిషాల్లో చేసేస్తారు, మనకు దానికి రెట్టింపు చాలు అన్నట్టు లెక్క. గాంధీ జయంతి ముందురోజు పారిశుధ్య కార్యక్రమాలు జరిగాయి కాబట్టి మనకు ఆ తేదీ కుదిరింది. జపాన్ మొదటి బుల్లెట్ రైలు టోక్యో నుంచి ఒసాకాకు బయల్దేరింది కూడా అక్టోబరు 1నే, 1964లో. ఈ పొత్తు నాకు భలే నచ్చింది.

శిక్షణలో మాకు టోక్యో స్టేషన్ వీడియో ఒకటి చూపించారు. ఊడ్చేవాళ్లు ప్లాట్‌ఫామ్ అంచున వరసగా నిలబడి, వచ్చే రైలుకు నడుం వంచి దండం పెడుతున్నారు. మా బ్యాచ్ గొల్లుమంది. “పెండ్లోళ్లకు ఎదురు పోయినట్టుంది కదక్కా” అంది పక్కనున్న పిల్ల. తర్వాత లెక్క చెప్పారు. అక్కడ బండి ఆగేది 12 నిమిషాలు. దిగేవాళ్లకు 2, ఎక్కేవాళ్లకు 3 పోతే మిగిలేవి 7. మామూలు పెట్టెకు ఒక్క మనిషి. వంద సీట్ల దాకా ఉంటాయి. ఆ ఒక్క మనిషే చెత్త ఎత్తి, ఎవరైనా ఏమైనా మరిచిపోయారేమో చూసి, సీట్లన్నీ తిప్పి, బల్లలు తుడిచి, నేల ఊడ్చి, బయటికొచ్చి మళ్లీ దండం పెడుతుంది. మా నవ్వులు ఆగిపోయాయి. ఇంకోసారి వేయమన్నాం.

ఇంకోసారి చూసినప్పుడు నాకు వేరేవి కనిపించాయి. మొదటిసారి చేతుల వేగం చూశాను. రెండోసారి సీట్లు చూశాను. కాలితో పెడల్ నొక్కి ఒక్క తోపు తోస్తే ముగ్గురు కూర్చునే సీటు కూడా గిర్రున తిరిగిపోతోంది. బండి వెనక్కి మళ్లదు, సీట్లు మళ్లుతాయి. అందువల్ల ప్రయాణికులంతా పోయే దిక్కుకే ముఖం పెట్టి కూర్చుంటారు. అది వాళ్ల సుఖం. మాలాంటివాళ్ల సుఖం వేరే ఉంది. సీటు తిరిగేటప్పుడు దాని వెనకా కిందా దాక్కున్నదంతా బయట పడుతుంది. వంగి టార్చి కొట్టి వెతకనక్కర్లేదు.

మా బండికి 8 పెట్టెలు, 530 సీట్లు. అందులో ఎగ్జిక్యూటివ్ పెట్టె 52 సీట్లు తిరుగుతాయి. మిగిలిన 7 చైర్‌కార్లలో 478 సీట్లు తిరగవు. సగం ఇటు, సగం అటు చూస్తూ బిగించి ఉంటాయి. ఒకరోజు నేను ఎగ్జిక్యూటివ్‌లో సీట్లు తిప్పుతుంటే ప్లాట్‌ఫామ్ మీదున్న ఒక పెద్దావిడ అద్దంలోంచి చూసింది. తలుపు తీయగానే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. “అమ్మా, వెనక్కి పోతుంటే నాకు కళ్లు తిరుగుతాయి. నా సీటు కూడా కొంచెం ఆ పక్కకు తిప్పి పెట్టవా?” అంది. అవి తిరిగే సీట్లు కావమ్మా అంటే నమ్మలేదు. ఎక్కువ డబ్బులిచ్చినవాళ్లకే తిప్పుతావు కదా అన్నట్టు ఒక చూపు చూసి పోయింది. ఆమె అనుకున్నదాంట్లో అబద్ధం ఏముంది!

ఇక చెత్త. టోక్యోలో దిగేవాళ్లు తమ చెత్త తామే తెచ్చి తలుపు దగ్గర డబ్బాలో వేస్తారు, లేదా సంచి పట్టుకుని నిలబడ్డ మనిషికి ఇస్తారు. మేమూ తలుపు దగ్గర సంచి తెరిచి పట్టుకుని నిలబడ్డాం. మొదటిరోజు అందరూ మమ్మల్ని తప్పించుకుని పోయారు, భిక్షం అడుగుతున్నామనుకున్నట్టు. రెండోరోజు కూడా అంతే. మూడోరోజు మా పిల్ల ఒకతి సంచిలో ముందే రెండు ఖాళీ నీళ్ల సీసాలు, ఒక టీ కప్పు వేసి, పైకి కనపడేలా పట్టుకుంది. జనం వేయడం మొదలుపెట్టారు! ఖాళీ సంచిలో ఎవరూ వేయరు, వేసిన సంచిలో అందరూ వేస్తారు. ఇప్పుడు మా దగ్గర అది రూలు. కలబురగి వాళ్లు, రాయచూరు వాళ్లు, మన గుంతకల్లు వాళ్లు అని తేడా లేదు. సగం మందికి తక్కువ కాకుండా తెచ్చి వేస్తున్నారు.

కానీ మా కష్టం సీసాలతో కాదు, పప్పుతో. జపాన్ ప్రయాణికులు స్టేషన్‌లో కొనుక్కునే ఏకిబెన్ డబ్బాలో అన్నం, చేప, ఊరగాయ ముక్కలు, అంతా కారకుండా ముద్దగా ఉంటుంది. తిని మూత పెడితే అయిపోయింది. మన ట్రేలో పప్పు, కూర, పెరుగు. సగం తిన్న పప్పు గిన్నె మీద వెండి కాగితం మూత నిలవదు. అది గిన్నెలోంచి సంచిలోకి, సంచిలోంచి నేల మీదికి కారుతుంది. నడవ పొడవునా పసుపు గీత పడుతుంది. ఆ గీత ఎంత పొడుగుంటే మా నిమిషాలు అంత పొడుగవుతాయి. యలహంక దాటేలోపల తిండి వడ్డించేవాళ్లు ట్రేలన్నీ ఎత్తేస్తే మా 14 నిమిషాలు 14గానే ఉంటాయి. ఎత్తకపోతే ఈల ఊదేది నేను, గడియారం మాత్రం ఇంకెవరిదో. ఈ మాట మీటింగులో అంటే “మీ పని మీరు చూసుకోండి” అన్నారు. మా పని చూసుకోవడానికే అడిగింది.

పని ఎలా పంచుకుంటామో కొంచెం చెప్పాలి, ఇది ఎవరూ రాయరు కాబట్టి. మా బ్యాచ్‌లో పెట్టెకు నలుగురం. ఒకరు సంచి, ఒకరు సీట్లూ బల్లలూ, ఒకరు నేల, ఒకరు మరుగుదొడ్లు. సంచి మనిషి ముందు నడిస్తేగాని బల్లల మనిషి వెనక రాకూడదు. బల్లల మనిషి ముందు పోతేగాని నేల మనిషి రాకూడదు. ఊడ్చిన చోట ముక్కలు రాలితే మళ్లీ ఊడ్చాలి కదా. ఇంట్లో ముందు బూజు దులిపి తర్వాత కసువు ఊడుస్తామే, అదే. మరుగుదొడ్డి బట్ట రంగు వేరు, బల్ల బట్ట రంగు వేరు. ఏ కంగారులోనైనా రంగులు కలిపితే ఆ రోజుకు ఆ మనిషి చేతికి బట్ట ఇవ్వను. ఈ ఒక్క విషయంలో నాకు కనికరం లేదు.

బల్ల తుడిచే బట్టను సగానికి మడిచి, మళ్లీ సగానికి మడవాలి. అరచేతి అంత అవుతుంది. అటు నాలుగు ముఖాలు, ఇటు నాలుగు ముఖాలు, మొత్తం ఎనిమిది. ఒక ముఖం మురికైతే తిప్పుకోవడమే. కొత్తగా వచ్చినవాళ్లు బట్టను ఉండగా చుట్టి రుద్దుతారు. అప్పుడు ఒక ప్రయాణికుడి సాంబారు ఇరవైమంది బల్లలకు చేరుతుంది. టీ కప్పు పెట్టిన చోట గుండ్రటి మరక ఉంటుంది చూడండి, దాన్ని గుండ్రంగా రుద్దితే పోదు. అంచు నుంచి లోపలికి ఒక్క లాగు లాగాలి. ఒక లాగుకు పోకపోతే చెమ్మ చేసి వదిలి, పక్క బల్ల తుడిచి వచ్చి మళ్లీ లాగాలి. నిలబడి రుద్దే కాలం మాకు లేదు, మరకకే నానే కాలం ఇవ్వాలి.

మా వల్ల జరిగిన ఒక తప్పు కూడా చెబుతాను. ఒక మధ్యాహ్నం ఏ పసిపిల్లో తడిపిన సీటును మేం గమనించలేదు. సీటు బట్ట ముదురు రంగు, తడి కంటికి తెలియలేదు. పెళ్లికి పోతున్న ఒకావిడ పట్టుచీరతో దాని మీద కూర్చుంది. ఆమె తిట్టిన తిట్లు న్యాయమైనవే. నేను నా దగ్గరున్న తువ్వాలు ఇచ్చి, చెయ్యి పట్టుకుని ఖాళీ సీటుకు తీసుకెళ్లి కూర్చోబెట్టాను. తర్వాత చదివితే తెలిసింది, జపాన్ వాళ్లకు ఈ బాధ మాకన్నా ముందే తెలుసట. సీటు మీద ఊడ్చే చిన్న పొరకలోనే తడిని పట్టే పరికరం పెట్టుకున్నారు. చెమ్మ తగిలితే అది కూస్తుంది. మాకు అలాంటిది లేదు. మరుసటి రోజు నుంచి బల్లల మనిషి బట్ట కుడిచేత్తో పట్టుకుంటే, ఎడమచేతి వెనకవైపుతో సీటు నిమురుతూ పోవాలని పెట్టాను. అరచేయి పనిచేసి పనిచేసి మొద్దుబారి ఉంటుంది, చేతి వెనకవైపు చర్మానికి తడి వెంటనే తెలుస్తుంది. జ్వరం చూసేటప్పుడు అమ్మలు చెయ్యి తిప్పి పెట్టేది అందుకే. ఆ తర్వాత తడి సీటు మమ్మల్ని దాటిపోలేదు.

టోక్యోలో ఈ పని చేసే సంస్థ పేరు టెస్సే. అక్కడి తూర్పు రైల్వే కంపెనీ కిందిది. అదీ మొదట్నుంచీ అంత గొప్పదేం కాదు. కష్టం, మురికి, ప్రమాదం అని మూడు మాటల్లో జపాన్ వాళ్లు ఈడ్చి పారేసే పనుల్లో ఇదొకటి. 2005లో తెరువో యాబే అనే ఆయన అక్కడికి వచ్చాడు. రైల్వేలో ఏళ్ల తరబడి భద్రత విభాగం చూసినవాడు. ఆయన ఊడ్చేవాళ్లను పిలిచి మీరు చేసేది శుభ్రం చేయడమే కాదు, ప్రయాణికుడికి సేవ అని చెప్పాడు. ఈ మాట మా దగ్గరా చెబుతారు, గోడ మీద కూడా రాస్తారు. ఆయన మాటతో ఆగలేదు. తాత్కాలికంగా ఉన్నవాళ్లను పర్మినెంటు చేసే దారి తెరిచాడు. ఎవరు ఏ మంచి పని చేశారో తోటివాళ్లే రాసి పెట్టే ‘ఏంజెల్ రిపోర్టు’ పెట్టాడు. కొత్త యూనిఫారాలు వచ్చాయి, కాలాన్ని బట్టి టోపీకి పువ్వు పెట్టుకోవడం వచ్చింది. పేరు బయటికి పొక్కి హార్వర్డ్‌లో పాఠంగా చెప్పుకునేదాకా పోయింది. మాకు వీడియోలో చూపించింది ఆ ఏడు నిమిషాలు. పర్మినెంటు సంగతి వీడియోలో లేదు. నేను తర్వాత వెతుక్కుని చదివాను.

దండం సంగతికి వస్తాను. నవ్వామని చెప్పాను కదా. మాకూ వరసగా నిలబడి నమస్కారం పెట్టమన్నారు. సిగ్గుపడుతూ పెట్టాం. విచిత్రం ఏమిటంటే నమస్కారం పెట్టిన మనిషిని ‘ఏయ్’ అనడం జనానికి కష్టం. అంతకు ముందు ‘ఏయ్, ఇదిగో ఇక్కడ’ అని వేలు చూపించేవాళ్లు ఇప్పుడు ‘అమ్మా’ అంటున్నారు. కొందరు తిరిగి నమస్కారం పెడతారు. బరువు సంచి మోస్తున్న ఒక ముసలాయన పాపం సంచి కింద పెట్టి మరీ పెట్టాడు. మేం వంగడం వల్ల మేం తగ్గలేదు. ఈ ఒక్కటి మాత్రం జపాన్ నుంచి ఖర్చు లేకుండా తెచ్చుకున్నాం.

డిజైన్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. జపాన్‌లో 500 సిరీస్ అని ఒక బుల్లెట్ రైలు 1997లో వచ్చింది. వేగంగా సొరంగంలో దూరి బయటికొచ్చేటప్పుడు ముందున్న గాలి నొక్కుకుపోయి ఫిరంగి పేలినట్టు చప్పుడయ్యే బాధ ఉండేది. ఏజీ నకత్సు అనే ఇంజనీరు పక్షులను చూసే అలవాటున్నవాడు. లకుముకి పిట్ట నీళ్లలోకి దూకితే చుక్క చిందదు కదా అని దాని ముక్కులా రైలు ముక్కు చేయించాడు. మా హగరి ఏట్లో నీళ్లున్న ఏడు నేనూ చూశాను లకుముకి పిట్టను. ఒడ్డున ముళ్లకంప మీద కూర్చుని ఉండి ఉండి బాణంలా పడుతుంది. పిట్ట దగ్గర నేర్చుకోవడానికి సిగ్గుపడని ఇంజనీర్లు ఊడ్చేవాళ్ల దగ్గర నేర్చుకోవడానికి ఎందుకు సిగ్గుపడాలి? సీటుకూ గోడకూ నడుమ వేలు పట్టీపట్టని సందు ఒకటి ఉంటుంది. బుడ్డల పొట్టు, బిస్కెట్ పొడి, చిల్లర నాణేలు, పిల్లల చెవికమ్మలు అక్కడే చేరతాయి. ఆ సందును ఇంకో అంగుళం పెంచినా సరే, పూర్తిగా మూసేసినా సరే. సీటు గీసేవాళ్లు ఒక్క మధ్యాహ్నం వచ్చి మాతో పొరక పట్టి చూస్తే ఆ గీత వేరేగా గీస్తారు. ఇది నా తీర్పు, ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా.

పోయిన దసరాకు ఊరికి పోయినప్పుడు మొలగవల్లిలో మా చిన్నమ్మ ఇంట్లో ఉన్నాను. పొద్దున బండి వచ్చే వేళకు జేజిని కూడా రైలు గేటు దాకా తీసుకుపోయాను. తెల్లగా వచ్చి ఊపిరి పీల్చేలోపల పోయింది. జేజి చీరకొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని దుమ్ము పోయేదాకా ఆగింది.

“నువ్వు ఊడ్చేది దీన్నేనా?”

“దీన్నే.”

“బాగుంది. లోపల కూడా ఇట్లే ఉంటాదా?”

లోపల ఎట్లుంటుందనేది మీ చేతిలో కూడా ఉంది. ఎక్కేవాళ్లకు ఒక చిన్న మనవి. తాగిన టీ కప్పును సీటు వెనక జేబులో దోపకండి. నేల మీద ఉన్నది పొరకకు వస్తుంది, జేబులో ఉన్నదానికి చెయ్యి పెట్టాలి. ఒక్కో జేబుకు నాలుగు సెకన్లు. 78 సీట్ల పెట్టెలో అది ఐదు నిమిషాలు దాటుతుంది, మాకున్నవి పద్నాలుగే. దిగేటప్పుడు కప్పు తీసుకుని రండి. తలుపు దగ్గర సంచి పట్టుకుని మాలో ఒకరు నిలబడి ఉంటారు.